సలేశ్వరానికి రోజీ కాలినడక

కుక్కను వెంటబెట్టుకొని నల్లమల కొండల్లో తిరగాలన్న ఆలోచన నాది కాదు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే నల్లగొండలో నన్నెరిగిన వాళ్ళలో సగం మంది నేను షోకుకొద్దీ పోయానని అనుకుంటున్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పుకొని బతికేవాడిని, నాకు షోకులెక్కడివి? నాకున్నది ఆరేళ్ళ కూతురు సరళ, సరళకున్నది ఒక కుక్క, వాళ్ళిద్దరినీ వెనకేసుకొచ్చేందుకు ఉన్నది మా అత్తగారు. యాత్ర సంగతి ఈ ముగ్గురి మధ్యే ఖాయమైపోయింది. నన్ను అడిగినవాళ్ళు లేరు.

కుక్క పేరు రోజీ. తెల్లటి బొచ్చుకుక్క, పిల్లికంటె కాస్త పెద్దది, మేకపిల్లకంటె చాలా చిన్నది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరుగారి భార్య దాన్ని సరళ చేతిలో పెట్టి, ఇది పాలూ రస్కులూ తప్ప ఇంకేమీ తినదని చెప్పి జీపెక్కింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాకు చాయలోకి పాలు మిగలడం మానేశాయి.

ఆ ఏడు చలికాలం చివర్లో సరళకు మోతీజరా, అదే టైఫాయిడు, పట్టుకుంది. మూడు వారాలు జ్వరం దిగలేదు. మా అత్తగారిది అచ్చంపేట దగ్గరి పల్లె. మనుమరాలి మంచం పక్కన కూర్చొని పొద్దస్తమానం నల్లమలలోని సలేశ్వరం లింగమయ్య మహిమలు చెప్పేది. వినీ వినీ ఒకనాడు సరళ జ్వరంలోనే చేతులు జోడించి, "లింగమయ్యా, నాకు తక్కువైతే నేనూ రోజీ ఇద్దరం కలిసి నడుసుకుంట నీ కాడికొస్తం" అని మొక్కింది. కుక్క కూడా అక్కడే ఉంది. అది ఒప్పుకున్నదో లేదో ఎవరూ కనుక్కోలేదు.

జ్వరం దిగింది. దవాఖానలో డాక్టరు రోగం పూర్తిగా పోయిందన్నాడు, ఇక బాగా తినిపించి నాలుగడుగులు నడిపించమన్నాడు. కానీ సరళ మంచం దిగదు. రెండు ముద్దలు తిని పళ్ళెం తోసేస్తుంది. సాయంత్రమైతే మెడ మీద చెయ్యి వేసి చూసుకుంటుంది. ఎందుకమ్మా అంటే, "మొక్కు తీరలే గద నాయినా, మల్ల జరమొస్తది" అంటుంది. మొక్కుకూ జ్వరానికీ సంబంధం లేదని నేను పలక మీద లెక్క చెప్పినంత ఓపికగా చెప్పాను. పిల్ల విన్నది, రెండో ముద్దతోనే పళ్ళెం తోసేసింది. చేతులు పుల్లల్లా అయ్యాయి. చూస్తుంటే నాకు భయం వేసేది, ఆ భయం మీద కోపం వచ్చేది.

పిల్లను ఈ సంవత్సరం కొండల్లోకి తీసుకుపోతే ప్రాణానికి హామీ ఇవ్వలేనన్నాడు డాక్టరు. సలేశ్వరం జాతర ఏడాదికి ఒక్కసారి, చైత్ర పౌర్ణమికి. మా అత్తగారు నాతో ఎదురుపడి మాట్లాడదు, తలుపు చాటున నిలబడి మా ఇంటామె కమలకు చెబుతున్నట్లు నాకు చెబుతుంది. ఆ రోజు కూడా అట్లాగే అన్నది: "బిడ్డకు బదులు తండ్రి నడవొచ్చు, రక్తం ఒక్కటే గద. కుక్కకు బదులు ఎవరు నడుస్తరు?" పదిహేనేళ్ళుగా పిల్లలను ప్రశ్నలడిగే నేను ఆ పూటే సెలవు చీటీ రాశాను.

పౌర్ణమికి మూడు రోజుల ముందు ఉదయం ఆరున్నర బస్సుకు బయలుదేరాను. వీపుకు తగిలించుకునే మిలిటరీ పాత సంచి ఒకటి హైదరాబాదులో కొన్నది ఉండేది. అందులో రెండు జతల బట్టలు, దుప్పటి, సజ్జరొట్టెలు, వేయించిన పల్లీలు నాకు. రస్కులు, పాలపొడి డబ్బా, గిన్నె, దువ్వెన రోజీకి. దువ్వెన సరళ పెట్టించింది. నా సామాను సంచిలో మూడో వంతుకు కూడా రాలేదు.

బస్సులో కుక్కను ఎక్కనివ్వనన్నాడు కండక్టరు. పైన కోళ్ళ గంపల పక్కన కట్టెయ్యమన్నాడు. బతిమాలితే చివరికి, సంచిలో ఉంటే సామాను, తల బయటికి వస్తే కుక్క, అని తీర్పు చెప్పాడు. నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో సామాను టికెట్టు పెద్ద భారం కాదు. కానీ దేవరకొండ దాకా మూడు గంటలు ఆ తలను సంచిలోకి అదిమి పట్టుకోవడం నా పని అయింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఊరుకోక, ఆ కుక్క దేనికి పనికొస్తుందని అడిగాడు. దేనికీ పనికిరాదన్నాను. మరి ఎక్కడికి తీసుకుపోతున్నావన్నాడు. మొక్కు తీర్చడానికన్నాను. ఆయన అక్కడి నుంచి లేచి డ్రైవరు వెనక సీటుకు మారిపోయాడు.

దేవరకొండలో తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఎండలో నిలబడ్డాం. అక్కడి నుంచి డిండి మీదుగా అచ్చంపేట చేరేసరికి నాలుగున్నర. అత్తగారి చుట్టాలింట్లో పడుకొని తెల్లవారి ఏడు గంటలకు లింగాల బస్సెక్కాను. లింగాలలో దిగినవాళ్ళంతా సలేశ్వరం వాళ్ళే. నెత్తిన మూటలు, చంకలో నీళ్ళ సొరకాయ బుర్రలు, వెనక ఎడ్లబండ్లు. ఇక్కడి నుంచి అడవిలో ఇరవై మైళ్ళకు తక్కువ లేదని ఒకరు, పది మైళ్ళే అని ఒకరు చెప్పారు. నడిచి చూస్తే ఇద్దరూ తప్పే. వెళ్ళాలనుకునేవాళ్ళు దూరం ఎవరినీ అడగకపోవడం మంచిది.

అప్పాయిపల్లి దాటగానే రోజీని కిందికి దించాను. అది ఒక ఫర్లాంగు నడిచింది. తరువాత దారి మధ్యలో కూర్చొని నా ముఖం చూసింది. తాడు పట్టి లాగితే నాలుగు కాళ్ళూ బిగబట్టి, మట్టిలో గీతలు పడేట్టు వెనక్కి వాలింది. వెనక బండ్లవాళ్ళు అదిలిస్తున్నారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. దాన్ని ఎత్తి సంచిలో వేసుకున్నాను. ఇక దిగనని అది, దించనని నేను, మాట్లాడుకోకుండానే ఒప్పందానికి వచ్చేశాం. నా లెక్క ఒకటే. మొక్కింది దేవుడి దగ్గరికి రావడానికి, వస్తున్నది కదా. గుడి ముందర పదడుగులు నడిపిస్తే సరి.

దారిలో బాలమ్మ కలిసింది. కొల్లాపూర్ దిక్కు గొల్లామె, అరవై దాటి ఉంటాయి. భుజాన గొంగడి వేసుకొని మొగవాళ్ళకంటె ముందు నడుస్తున్నది. పన్నెండేళ్ళుగా ఏటా వస్తున్నదట. నా వీపు మీది నుంచి తొంగిచూస్తున్న తెల్ల ముఖాన్ని చాలాసేపు చూసి, దానికి జ్వరమా అని అడిగింది. కాదు, అది మొక్కు తీర్చుకోవడానికి వస్తున్నదన్నాను. బాలమ్మ నవ్వలేదు. సద్దిమూటలోంచి జొన్నరొట్టె ముక్క తీసి దాని నోటి దగ్గర పెట్టింది. పాలూ రస్కులూ తప్ప తినని కుక్క ఆ ఎండిన రొట్టెను కరకరా నమిలి ఇంకో ముక్క అడిగింది. ఆరు మైళ్ళుగా పాలపొడి డబ్బా మోసిన నా భుజం సంగతి ఎవరికి చెప్పుకోను?

ఆ రాత్రి చెంచుల పెంటలో, అంటే వాళ్ళ గూడెంలో, జాతర జనంతోపాటు పడుకొని, తెల్లవారి ఆరింటికి మళ్ళీ నడక మొదలుపెట్టాం. పది గంటలకు లోయ అంచు వచ్చింది. అప్పటిదాకా చెట్లు, రాళ్ళే. ఉన్నట్టుండి కాళ్ళ ముందర నేల ఆగిపోయింది. కింద, ఎంతో కింద, నీళ్ళ చప్పుడు. దారి అంటే దారి కాదు, జారే రాళ్ళ మధ్య మనిషి వెనక మనిషి దిగే సందు. దిగేవాళ్ళు "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో" అని కేక వేస్తుంటే, ఎక్కేవాళ్ళు "పోతన్నం పోతన్నం లింగమయ్యో" అంటున్నారు. దేవుణ్ణి నమ్మని నా ఒళ్ళు కూడా జలదరించిందని ఒప్పుకుంటాను. సంచి కుదుటపరచుకొని దిగాను. ముప్పావుగంట పట్టింది. కొండ మీది నుంచి పడుతున్న చల్లటి నీళ్ళ కింద తల పెట్టాను. ఆ ఒక్క నిమిషానికి ఎంత దూరమైనా రావచ్చు.

లింగమయ్య ఉన్న గుహ ముందర వరస ఉంది. చెంచు పూజారి బయ్యన్న కాలినడక మొక్కు ఉన్నవాళ్ళను పక్కన నిలబెట్టి, ఒక్కొక్కరి పాదాలు చూసి పసుపు పూస్తున్నాడు. అదే మొక్కు తీరినట్టు గుర్తు. నేను రోజీని సంచిలోంచి తీసి, అనుకున్న ప్రకారం పదడుగులు నడిపించి ఆయన ముందుకు తెచ్చాను. మొక్కు మాటలు ఏమిటని అడిగాడు. బిడ్డ అన్న మాటలే చెప్పాను. ఆయన వంగి రోజీ ముందరి కాలు ఎత్తి అరచేతిలో పెట్టుకొని చూశాడు. తరువాత నా కాళ్ళు చూశాడు. నావి మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. దానివి దువ్వి తెచ్చినట్టు తెల్లగా ఉన్నాయి.

"సారూ, దీని కాళ్ళకు దుమ్మే లేదు," అన్నాడు బయ్యన్న.

మోసుకొచ్చానని చెప్పక తప్పలేదు. అడవిలో మోసినా పరవాలేదట. లోయ అంచు నుంచి మటుకు మొక్కినవాళ్ళు తమ కాళ్ళ మీదే దిగాలట. పోనీ నా కాళ్ళకైనా పూయమన్నాను.

"ఇద్దరం కలిసి అన్నది గద నీ బిడ్డ. ఇద్దరికీ ఒక్కతాననే పూస్త. పొయ్యి రా పో."

ఆయన గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. అదే నాకు ఎక్కువ చిర్రెత్తించింది. పక్కకు వచ్చి ఒక రాయి మీద కూర్చొని ఆలోచించాను. ఇంటికిపోయి, కుక్క నడిచింది, మొక్కు తీరింది అని చెప్పవచ్చు. పసుపు అచ్చంపేట అంగడిలో దొరుకుతుంది. సరళ నమ్ముతుంది. కానీ ఎప్పుడో ఒక సాయంత్రం పిల్ల ఒళ్ళు నిజంగానే వెచ్చబడితే? నేను అబద్ధం చెప్పానన్నది ఆ ఇంట్లో నాకొక్కడికే తెలిసి ఉంటుంది. మొక్కుకూ జ్వరానికీ సంబంధం లేదని పలక మీది లెక్కలా చెప్పిన మనిషినే, ఆ రాయి మీద కూర్చొని వణికాను. నా మీద నాకే అసహ్యం వేసింది. సంచి భుజాన వేసుకొని, రోజీని అందులో కుక్కి, మళ్ళీ కొండెక్కాను.

అంచుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రోజీని దించి తాడు పట్టి లాగాను. కూర్చుంది. రస్కు చూపించాను. రస్కు తిని కూర్చుంది. వెనక నుంచి నెట్టాను. పడుకుంది. పోయేవాళ్ళంతా తలా ఒక సలహా ఇచ్చారు. ఇంతలో దర్శనం ముగించుకొని పైకి వచ్చిన బాలమ్మ, నా అవస్థ కాసేపు చూసి తాడు నా చేతిలోంచి తీసుకొని దాని మెడ నుంచి విప్పేసింది.

"జీవాన్ని ముందటి నుంచి గుంజొద్దు సారూ," అన్నది. "జర ఇడిచిపెట్టి, ఎన్కకు మళ్ళి సూడకుంట నువ్వు నడు. మందకు తెల్వదా ఎవలెంట వోవాల్నో?"

పారిపోతే అని అడిగాను. ఎక్కడికి పారిపోతుంది, దానికి ఈ అడవిలో నువ్వు తప్ప తెలిసినవాళ్ళెవరున్నారు, అన్నది. అని ఊరుకోలేదు. ఇది నడుస్తుందో లేదో చూడనిదే తనకు బువ్వ దిగదని నాతోపాటు రెండోసారి లోయ దిగడానికి సిద్ధమైంది. నేను దిగడం మొదలుపెట్టాను. ఇరవై అడుగులు వేశాక వెనక రాళ్ళ మీద చిన్న గోళ్ళ చప్పుడు. నిజంగానే వస్తున్నది. పెద్ద రాయి వస్తే పక్కనుంచి చుట్టి, సందు వస్తే దూకి, నా మడమల దగ్గరికి చేరుతున్నది. రెండు రోజులు నా వీపు మీద ఊరేగిన కుక్క.

వెనక్కి చూడవద్దని బాలమ్మ చెప్పింది. చూడకుండా ఉండగలిగితే నేను లెక్కల సారును ఎందుకవుతాను? ప్రతి మలుపు దగ్గరా సరిచూసుకుంటున్నాను. సగం దారి దాటాక గోళ్ళ చప్పుడు ఆగినట్టనిపించి, అడుగు వేస్తూ వేస్తూ తల తిప్పాను. రోజీ అక్కడే ఉంది, నాలుక బయటపెట్టి. నా కుడికాలి కింది రాయి మటుకు లేదు. పది అడుగులు జారి ఒక చెట్టు మొదట్లో ఆగాను. మడమ పక్కన కటుక్కుమన్నది. లేచి నిలబడబోతే కళ్ళు చీకట్లు కమ్మాయి.

పైకి మోయడంకంటె కిందికి మోయడం తేలికని అందరూ తేల్చారు. బాలమ్మ గొంగడి పరిస్తే, ఇద్దరు చెంచువాళ్ళు నన్ను అందులో వేసి మోసుకు దిగారు. నేను నొప్పికి మూలుగుతుంటే, నాకంటె ముందు రోజీ నడిచింది. జనం దానికి దారి ఇచ్చారు. ఎవరో దాన్ని చూసి "వత్తన్నం వత్తన్నం" అని కేక అందుకుంటే, అది కూడా రెండుసార్లు మొరిగింది.

బయ్యన్న రోజీ నాలుగు కాళ్ళూ చూశాడు. పొట్టదాకా ఎర్రమట్టి, గోళ్ళ సందుల్లో గడ్డి. నాలుగింటికీ నింపాదిగా పసుపు పూశాడు. కలిసి బయలుదేరారు, కలిసే వచ్చారు, దీని తప్పేమీ లేదన్నాడు. నేను గొంగడిలోంచే నా కాళ్ళు ముందుకు చాపాను.

"నువ్వు మోతలొచ్చినవ్ సారూ. నీది ఉన్నది."

ఒకే రోజు ఆ లోయ ఒకటిన్నర సార్లు దిగానని లెక్క కట్టి మరీ చెప్పాను. ఆయన సానుభూతిగా తల ఊపాడు, వెచ్చగా ఇప్పపూల కషాయం ఇచ్చాడు, కాలికి కట్టె బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. పసుపు గిన్నె మటుకు ముట్టలేదు. ఇంత మర్యాదగా నన్ను ఎవరూ ఫెయిలు చేయలేదు.

తెల్లవారి నలుగురు పట్టి పైకి చేర్చారు. రోజీ పైకి కూడా నడిచే ఎక్కింది. ఇప్పుడు ఎత్తుకుంటామన్నా ఎవరి చేతికీ చిక్కలేదు. బాలమ్మ బండివాళ్ళతో మాట్లాడి, గడ్డి పరిచి నన్ను పడుకోబెట్టి, బిడ్డను అడిగానని చెప్పమని తన దారిన తాను వెళ్ళిపోయింది. లింగాల చేరేసరికి సాయంత్రం అయిదు. అచ్చంపేట చుట్టాలింట్లో ఇంటావిడ బద్దలు విప్పి, ఉప్పూ పసుపూ నూరి వేడిచేసి పాదానికి దట్టంగా పట్టు వేసింది. రెండు పూటలకు వాపు సగం తగ్గి, ఊతకర్రతో నిలబడగలిగాను. మరునాడు దేవరకొండ బస్సులో కాలు చాపుకొని కూర్చున్నప్పుడు గమనించాను. వేళ్ళ నుంచి మడమ దాకా నా కుడిపాదం బంగారంలా పచ్చగా ఉంది. ఎవరు చూసినా లింగమయ్య పసుపే అంటారు.

డిండి దాటింది మొదలు నల్లగొండ దాకా ఆ పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: సొరకాయ బుర్రలో నీళ్ళు మరవకండి, గట్టి చెప్పులు వేసుకోండి, కుక్కకు రస్కులు మోయకండి. లోయ అందంగా ఉంటుంది, మనుషులు మంచివాళ్ళు. ఎంత మంచివాళ్ళంటే, చేయని పని చేశావని మాట వరసకు కూడా అనరు. అలసిపోయి ఇంటికి వచ్చేవాడికి అంతకంటె ఇబ్బంది లేదు.

సాయంత్రం ఏడింటికి రిక్షా దిగాను. సరళ మంచం మీదే కూర్చొని ఉంది. ముందు రోజీ కాళ్ళు ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. తరువాత నా పాదం మీద వేలు పెట్టింది. తలుపు చాటున అత్తగారి చీర అంచు కదలకుండా నిలబడింది.

"గిది గూడ లింగమయ్య పసుపేనా నాయినా?"

బస్సులో నాలుగు గంటలు తయారుచేసుకున్న జవాబు నోటిదాకా వచ్చింది. పిల్ల కళ్ళు చూసి చెప్పలేకపోయాను.

"కాదమ్మా. కాలు బెణికితే వేసిన పట్టు. రోజీ మొత్తం నడిచింది. నేను నడవలేకపోయిన. నీ మొక్కు సగం అట్లనే ఉన్నది."

కమల నా వైపు కొరకొర చూసింది. పిల్ల ఏడుస్తుందని, మళ్ళీ మంచం పడుతుందని అనుకున్నాను. సరళ ఏడవలేదు. రోజీది అయిపోయిందా, నిజంగా నడిచిందా అని రెండోసారి అడిగింది. అయిపోయిందన్నాను. లోయ ఎంత లోతు, రాళ్ళు ఎంత పెద్దవి అని అడిగింది. చెప్పాను. కుక్కకు చేతనైంది తనకెందుకు చేతకాదన్న మాట ఆ పిల్ల ముఖం మీద నాకు కనబడింది. వాళ్ళమ్మ వైపు తిరిగి, అన్నం పెట్టమన్నది.

తెల్లవారి నేను ఊతకర్రతో గడప దగ్గర నిలబడి ఉండగా సరళ మంచం దిగింది. గోడ పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. రోజీ ముందు నడుస్తుంటే దాని వెనక వీధిలోకి అడుగులు వేసింది. వచ్చే ఏటికి అలవాటు కావాలట. నాలుగిళ్ళు దాటేసరికి కాళ్ళు వణికి తూలింది. నేను కర్ర పడేసి, కుంటుకుంటూ పోయి రెండు చేతులూ చాపాను. సరళ పక్కింటి అరుగు పట్టుకొని నిలదొక్కుకుంది, నా చేతులను మెల్లగా పక్కకు జరిపింది.

"ఎత్తుకోకు నాయినా," అన్నది. "లెక్కకు రాదు."